హాజరు పట్టీ, నల్లబల్ల: వెబ్ పేజీ తన అంకెలను తానే ఎలా దిద్దుకుంటుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్లు అడిగారు. కవిత్వం నాకు రాదు. ఎం.సి.ఏ.లో నేను చదువుకున్నవాటిలో నాకు బాగా నచ్చిన ఒక విషయాన్ని ఇంటర్ చదివే తమ్ముడికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. కంప్యూటర్ ముట్టుకోనివాళ్లు కూడా నిరభ్యంతరంగా చదవవచ్చు. హాస్టల్ గోడ మీది నల్లబల్ల ఎలా ఉంటుందో తెలిస్తే చాలు.

ఆ బల్ల మీద రోజూ కనిపించేవి ఏమిటి? మొత్తం విద్యార్థులు, హాజరైనవారు, సెలవులో ఉన్నవారు, ఈ పూట మెనూ. ఈ అంకెలు బల్ల మీద పుట్టవు. వార్డెన్ గారి దగ్గరుండే హాజరు పట్టీలో పుడతాయి. అక్కడి నుంచి నల్లబల్లకు, వంటగదిలో బియ్యం కొలతకు, స్టాకు రిజిస్టరుకు వెళ్తాయి. సాయంత్రం ఒక తమ్ముడు ఇంట్లో పెళ్లని సెలవు చీటీ రాసి వెళ్లాడనుకోండి. పట్టీలో 96 కాస్తా 95 అవుతుంది. ఇప్పుడు బల్ల మీద ఎవరో దిద్దాలి. వంటగదికి ఎవరో చెప్పాలి. స్టాకు రిజిస్టరులో కిలోలు మారాలి. మార్పు ఒక్కటే, పని నాలుగు చోట్ల. ఒక కంచం అన్నం మిగిలితే పెద్ద నష్టం లేదు. కానీ ఊళ్ల నుంచి ఎనిమిది మంది రాత్రి బస్సుకు తిరిగొచ్చి, ఆ మాట వంటగదికి అందకపోతే చివరి బంతిలో కూర్చున్నవాళ్లకు చారు నీళ్లే గతి. ఇక తనిఖీకి వచ్చిన అధికారికి బల్ల మీద ఒక అంకె, పట్టీలో ఇంకో అంకె కనిపిస్తే ఆ తంటా వేరు!

వెబ్ పేజీకి ఉన్న కష్టం సరిగ్గా ఇదే. పేజీ వెనుక డేటా ఉంటుంది, అది హాజరు పట్టీ. తెర మీద కనిపించేది నల్లబల్ల. తెర మీది బొమ్మను బ్రౌజర్ తన లోపల ఒక చెట్టులా దాచుకుంటుంది. పేజీ అనేది మాను, అందులో పట్టికలు కొమ్మలు, పట్టికలో వరుసలు రెమ్మలు, ఒక్కో గడిలోని అంకె ఆకు. దీన్ని డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్ అంటారు, ముద్దుగా డామ్. డేటా మారినప్పుడల్లా ఈ చెట్టులో సరైన ఆకు కూడా మారాలి. ఎవరు మార్చాలి, ఎప్పుడు మార్చాలి, ఎలా తెలుసుకుని మార్చాలి? గత పదిహేనేళ్లుగా వచ్చిన వెబ్ ఫ్రేమ్‌వర్కులన్నీ ముఖ్యంగా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి.

తొలినాళ్ల వెబ్ పేజీలకు ఈ బాధ లేదు. అవి డాల్ఫిన్ నోస్ మీది దీపస్తంభం లాంటివి. దాని వెలుగు తీరు ముందే నిర్ణయించినది. సముద్రం ప్రశాంతంగా ఉన్నా, పోటెత్తినా అది తన లెక్క ప్రకారమే వెలుగుతుంది. పేజీలో ఏదైనా మారాలంటే సర్వర్ నుంచి కొత్త పేజీ మొత్తంగా వచ్చేది. తెర ఒకసారి తెల్లబోయి మళ్లీ నిండేది. తర్వాత పేజీని కదపకుండా లోపలి అంకెలు మాత్రమే తెప్పించుకునే విద్య వచ్చింది. 2004లో జీమెయిల్ వచ్చాక అది అందరి కళ్లా పడింది. 2006లో వచ్చిన జేక్వెరీ అనే లైబ్రరీ ఆ పనిని చాలా సులభం చేసింది. "ఫలానా పేరున్న గడిని వెతుకు, 96 చెరుపు, 95 రాయి" అని ఒక్క వరుసలో చెప్పవచ్చు.

సులభం కావడంతోనే చిక్కు మొదలైంది. చెరపడం, రాయడం అన్నీ ప్రోగ్రామరే గుర్తుపెట్టుకుని చెప్పాలి. ఒక డేటా మారితే తెర మీద అయిదు గడులు మారాలనుకోండి. అలాంటి మార్పు ఇరవై సందర్భాల్లో జరగవచ్చనుకోండి. అప్పుడు నూరు చోట్ల ఆదేశాలు రాయాలి. అందులో ఒక్కటి తప్పిపోయినా ప్రోగ్రాము ఆగదు, ఎర్ర అక్షరాల్లో హెచ్చరికా రాదు. తెర నిబ్బరంగా అబద్ధం చెబుతూ ఉంటుంది.

నేను చూసిన ఒక ప్రవేశాల వెబ్‌సైటులో (పేరు అనవసరం) ఇలాగే జరిగేది. కళాశాలల ఆప్షన్ల జాబితాలో ఒక వరుసను తీసేస్తే కింద జాబితాలోంచి పోయేది. పైన ఉన్న "మీరు ఎంచుకున్నవి" అనే లెక్క మాత్రం పాతదే చూపేది. ఆప్షన్ పోయిందా, ఉందా అని నా స్నేహితుడు నెట్ సెంటర్లో గంటసేపు కిందా మీదా పడ్డాడు. సీటు ఆ జాబితా మీద ఆధారపడి ఉంటుంది. గంటకు ఇంత అని డబ్బు కట్టి కూర్చున్నవాడికి ఇది చిన్న లోపం కాదు.

పెద్ద కంపెనీలకూ ఇది తప్పలేదు. ఫేస్‌బుక్‌లో చదవని సందేశం ఒకటి ఉన్నట్టు పైన అంకె చూపేది. తెరిస్తే లోపల కొత్తది ఏమీ ఉండదు. సరిచేస్తే కొన్నాళ్లు బాగుండి మళ్లీ వచ్చేది. ఈ సంగతి 2014లో తమ ఎఫ్8 సభలో ఆ కంపెనీ ఇంజినీర్లే చెప్పారు. కారణం మన నల్లబల్ల కథే. ఆ ఒక్క విషయం పైన అంకెలో, చాట్ పెట్టెలో, సందేశాల పేజీలో మూడు చోట్ల కనిపించాలి. మూడింటినీ ఎవరికి వారు దిద్దుతున్నారు.

దీనికి మందు వెబ్ కంటే పాతది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ తయారుచేశారు. ఇప్పటి ఎక్సెల్‌కు తాత అది. అందులో ఒక గడిలో విద్యార్థుల సంఖ్య, ఇంకో గడిలో తలకు ఎన్ని గ్రాముల బియ్యం అని రాసి, మూడో గడిలో "మొదటిది ఇంటూ రెండోది" అనే సూత్రం రాస్తాం. మూడో గడిలో అంకెను మనం ఎప్పుడూ రాయం. తలకు 400 గ్రాములు అనుకుంటే 96 ఉన్నప్పుడు 38 కిలోల 400 గ్రాములు. 96 ను 95 చేస్తే ఆ గడి తానే 38 కిలోలు అవుతుంది. మనం చెప్పింది సంబంధం మాత్రమే. దిద్దే పని యంత్రానిది.

ఫ్రేమ్‌వర్కులు చేసిందల్లా ఈ ఆలోచనను పేజీ మొత్తానికి విస్తరించడం. "ఈ డేటా ఇలా ఉంటే తెర ఇలా ఉండాలి" అని ఒక్కసారి రాసిపెడతాం. ఇక ఆ గడిని వెతుకు, దీన్ని చెరుపు అనే మాట మన ప్రోగ్రాములో ఉండదు. నిజం ఒక్కచోటే ఉంటుంది, మిగతావన్నీ దాని నుంచి లెక్కగట్టినవే. అందుకే బియ్యం బరువును వేరే డేటాగా దాచకూడదు. దాచితే అది రెండో హాజరు పట్టీ అవుతుంది. రెండు పట్టీలు ఉన్న ఆఫీసు ఎలా నడుస్తుందో మీకు తెలుసు.

మరి డేటా మారిందని యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇక్కడే అసలు మజా ఉంది. దీనికి ముఖ్యంగా మూడు దారులు కనిపెట్టారు.

మొదటిది తిరిగి చూడటం. 2010లో గూగుల్ నుంచి వచ్చిన యాంగ్యులర్ జేఎస్ దారి ఇది. మీరు మౌస్ నొక్కినా, ఒక అక్షరం టైపు చేసినా అది గది గదికీ తిరిగే మానిటర్‌లా పేజీలోని ప్రతి విలువనూ "నువ్వు ఇందాక ఉన్నట్టే ఉన్నావా?" అని అడుగుతుంది. మారినవి ఉంటే తెర దిద్దుతుంది. కానీ ఒకటి మారడం వల్ల ఇంకొకటి మారి ఉండవచ్చు కదా. కాబట్టి మళ్లీ మొదటి గది నుంచి తిరుగుతుంది. ఒక చుట్టులో ఎవరూ మారలేదన్నప్పుడు ఆగుతుంది. పది చుట్లు తిరిగినా నిలకడ రాకపోతే తప్పు ఉందని చేతులెత్తేస్తుంది. చిన్న పేజీలకు బాగానే ఉండేది. వేల గడులున్న పేజీలో ఒక్క అక్షరం కొడితే వేల గదులు తిరగాలి, తెర నత్తలా కదిలేది. 2021 డిసెంబరుతో గూగుల్ దీనికి మద్దతు ముగించింది. ఇప్పుడున్న యాంగ్యులర్ 2016లో కొత్తగా రాసినది. పేరొక్కటే మిగిలింది, లోపల యంత్రం వేరు.

రెండోది కొత్తగా రాసి పోల్చడం. ఫేస్‌బుక్‌లో పనిచేసిన జోర్డన్ వాక్ రూపొందించగా 2013లో బయటికి వచ్చిన రియాక్ట్ దారి ఇది. వినగానే వృథా పనిలా అనిపిస్తుంది. ఒక భాగంలో డేటా మారిందని మనం చెప్పగానే అది ఏ గడి మారిందో వెతకదు. కొత్త డేటాతో ఆ భాగం మొత్తాన్నీ ఒక చిత్తు కాగితం మీద మళ్లీ రాసేస్తుంది. పాత చిత్తు కాగితాన్ని పక్కన పెట్టి రెండింటినీ పోలుస్తుంది. తేడా ఉన్నచోట మాత్రం అసలు నల్లబల్ల మీద దిద్దుతుంది. చిత్తు కాగితం పేరు వర్చువల్ డామ్.

అసలు బల్లనే మొత్తం చెరిపి రాయవచ్చు కదా అని అడగవచ్చు. అసలు చెట్టును ముట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. ఒక వరుసలో పేరు పొడవైతే దాని కింద వరుసలన్నీ కిందికి జరగాలి. ఏది ఎక్కడ పడుతుందో బ్రౌజర్ కొలతలు మళ్లీ వేసుకోవాలి, మళ్లీ రంగులు పూయాలి. పైగా మొత్తం చెరిపితే మీరు సగం టైపు చేసిన పెట్టె కూడా పోతుంది. చిత్తు కాగితం మీద రాసి పోల్చడం దానితో చూస్తే చవక.

పోల్చడంలోనూ ఒక మెలిక ఉంది. నన్నడిగితే రియాక్ట్ నేర్చుకునేవాళ్లు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసింది ఇదే. మార్కులు ఎక్కించే పేజీ ఒకటి ఊహించుకోండి. 40 మంది పేర్లు, ప్రతి పేరు పక్కన మార్కుల పెట్టె. జాబితాలో మొదటి పేరు తీసేశాం. మిగిలిన 39 పేర్లు ఒక్కో మెట్టు పైకి జరిగాయి. వరుస నంబరును బట్టి పోలిస్తే మొదటి వరుసలో పేరు మారింది, రెండో వరుసలో మారింది, ఇలా అన్నీ మారినట్టే కనిపిస్తాయి, చివరి వరుస మాత్రం పోయినట్టు ఉంటుంది. ఇందులో పని పెరగడం ఒక నష్టం. అంతకంటే పెద్దది ఇంకోటి ఉంది. పేర్లు పైకి జరిగినా, పెట్టెల్లో టైపు చేసి ఇంకా డేటాలోకి చేరని మార్కులు పాత వరుసల్లోనే ఉండిపోవచ్చు. ఒకరి మార్కులు ఇంకొకరి పేరు పక్కన! అందుకే ప్రతి వరుసకూ దానికే చెందిన ఒక గుర్తు ఇమ్మంటుంది రియాక్ట్. దాన్ని కీ అంటారు. మన భాషలో రోల్ నంబరు. హాల్లో ఎక్కడ కూర్చున్నా రోల్ నంబరు మారదు కదా. అది ఉంటే "ఒకటో నంబరు వెళ్లిపోయింది, మిగతావాళ్లు వాళ్లే" అని యంత్రం గుర్తుపడుతుంది.

మూడోది అడిగినవాడి పేరు రాసుకోవడం. వంటగది నుంచి కామాటి వచ్చి "ఈ పూట ఎంతమంది?" అని అడిగితే వార్డెన్ గారు అంకె చెప్పి, పట్టీ అంచున "వంటగది అడిగింది" అని రాసుకున్నారనుకోండి. అంకె మారగానే ఆ అంచు చూసి, అడిగినవాళ్లకు మాత్రమే కబురు పంపుతారు. మెనూ రాసే తమ్ముడికి ఈ గొడవే తెలియదు. 2010లో నాకౌట్ అనే లైబ్రరీ ఇలా చేసింది. 2014లో వచ్చిన వ్యూ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది. వ్యూ తయారుచేసిన ఎవాన్ యూ అంతకుముందు గూగుల్‌లో పనిచేస్తూ యాంగ్యులర్ జేఎస్ వాడినవాడు. అందులో నచ్చినవి ఉంచుకుని తేలికైనది ఒకటి చేసుకున్నాడు.

ఇందులోనూ ఒక లొసుగు ఉండేది. వ్యూ రెండో వెర్షన్ వరకు మొదట ఉన్న ప్రతి డేటా గదికీ ఒక కాపలాదారుణ్ణి పెట్టేవారు. తర్వాత కొత్తగా కట్టిన గదికి కాపలా ఉండదు. అందులో ఏం మారినా ఎవరికీ కబురు వెళ్లదు. మధ్యలో చేరిన విద్యార్థికి మొదటి నెల దుప్పటి రాకపోవడం లాంటిదే ఇది. 2020లో వచ్చిన మూడో వెర్షన్లో గదులకు బదులు గేటు దగ్గరే వాచ్‌మన్‌ను పెట్టారు. జావాస్క్రిప్ట్‌లో దాని పేరు ప్రాక్సీ. పాత గది, కొత్త గది అని లేకుండా ఏ రాకపోకైనా అతని కంటబడుతుంది. యాంగ్యులర్ కూడా 2023లో సిగ్నల్స్ పేరుతో ఈ దారికే వచ్చింది. 2016లో వచ్చిన స్వెల్ట్ అనేది ఏ అంకె మారితే ఏ గడి మారాలో ప్రోగ్రామును తయారుచేసే సమయంలోనే చాలావరకు తేల్చేసుకుంది.

అన్ని దారుల్లోనూ ఉన్న ఒక చిన్న జాగ్రత్త చెప్పి ముందుకు వెళ్తాను. ఒకేసారి అయిదుగురు సెలవు చీటీలు ఇస్తే బల్లను అయిదుసార్లు చెరపరు. అందరివీ తీసుకుని ఒకేసారి దిద్దుతారు. ఫ్రేమ్‌వర్కులూ అంతే, మార్పులను పోగుచేసి ఒక్కసారి తెర మీదకు పంపుతాయి.

ఏది మంచిది అని జూనియర్లు తరచు అడుగుతుంటారు. రియాక్ట్ దారిలో ఆలోచించడం సులువు, వ్యూ దారిలో రాయడం సులువు అని నా అభిప్రాయం. ఉద్యోగ ప్రకటనల్లో రియాక్ట్ పేరు ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాని మీదే పడతారు. జావాస్క్రిప్ట్ రాకుండా దాని మీద పడటం ఈత రాకుండా తెప్ప ఎక్కడమే. ఇంకో మాట. పరీక్షల టైంటేబుల్ చూపే పేజీకి ఏ ఫ్రేమ్‌వర్కూ అక్కర్లేదు. దీపస్తంభం చాలు. ఫ్రేమ్‌వర్కు బరువును మోయాల్సింది మన ఊళ్లలో పాత ఫోన్లు, అంతంతమాత్రం సిగ్నలే.

ఇంతవరకు చెప్పిందంతా పేజీ లోపలి డేటాకు, తెరకు మధ్య పొత్తు గురించి. కానీ పేజీలో ఉన్న డేటా కూడా ఒక నకలే. అసలు పట్టీ ఎక్కడో సర్వర్లో ఉంటుంది. మధ్యలో తీగ తెగితే? ఈ ప్రశ్నకు మన విశాఖ రేవులో చాలా పాత జవాబు ఒకటి ఉంది.

తుపాను సంగతి తేల్చేది రేవు కాదు, వాతావరణ శాఖ. ఆ శాఖ వారి తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖపట్నంలో 1974 నుంచి ఉంది. అక్కడి నుంచి వచ్చిన సమాచారాన్ని బట్టి రేవులో స్తంభానికి సూచిక కడతారు. పత్రికల్లో "ఎగురవేశారు" అని రాస్తారు గానీ అది జెండా కాదు. పగలు శంకువులు, డ్రమ్ముల ఆకారాలు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలు. డేటా ఒకటే, పగటికి ఒక తెర, రాత్రికి ఒక తెర. ఓడ కెప్టెన్ స్తంభాన్ని చూస్తాడే గాని దాన్ని మార్చడు. సముద్రంలో తాను చూసిన గాలీ అలలూ వాతావరణ శాఖకు పంపగలడు. అక్కడ అంచనా మారితే, ఆ తర్వాత స్తంభం మారుతుంది. ఫేస్‌బుక్ వాళ్లు తమ సందేశాల అంకెకు 2014లో చెప్పిన మందు ఇదే: డేటా ఎప్పుడూ ఒక్క దిక్కుగానే ప్రవహించాలి, తెర నుంచి నేరుగా తెరకు కాదు.

సూచికలు మొత్తం 11. చాలామంది వీటిని నిచ్చెన మెట్లు అనుకుంటారు. 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. తుపాను తన దారికి ఎడమవైపు రేవును ఉంచి వెళ్తుందంటే 8, కుడివైపు ఉంచితే 9, రేవు మీదుగానో బాగా దగ్గరగానో వస్తే 10. ఇక 11 వ నంబరు తుపాను తీవ్రతను చెప్పదు. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, వాతావరణం చెడిపోయే ప్రమాదం ఉందని స్థానిక అధికారి భావిస్తున్నారు అని దాని అర్థం. అంటే "నా దగ్గర తాజా సమాచారం లేదు" అని చెప్పడానికే ఒక సూచికను కేటాయించారు! తీగ తెగినప్పుడు పాత 3 వ నంబరునే వేలాడదీసి ఉంచితే దాన్ని నమ్మి పడవ వేసినవాడి గతి ఏమిటి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు, ఫోన్లు రెండూ పోయాయి. మా యారాడకు మూడు వైపులా కొండ, నాలుగో వైపు సముద్రం. అలాంటి ఊళ్లో ఫోన్ తెర మీద ముందురోజు తెరిచిన పేజీ అలాగే మెరుస్తూ ఉంటే, అది పాతదని ఆ పేజీయే చెప్పాలి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడిమి, నీటి రంగు ఆధారంగా చేపలు దొరికే చోట్లను లెక్కగట్టి తెలుగులో కూడా సూచనలిస్తుంది. చేపల రేవుల్లో ఎలక్ట్రానిక్ బోర్డుల మీద కూడా వాటిని చూపే ఏర్పాటు చేసింది. ఆ సూచనలో చోటు ఎంత ముఖ్యమో తేదీ అంత ముఖ్యం. నీరు కదులుతుంది, దానితో చేపా కదులుతుంది.

ఈ 11 వ నంబరు ఫ్రేమ్‌వర్కుతో పాటు రాదు. ప్రోగ్రామర్ ఆలోచించి పెట్టాలి. బాగా పెట్టినవాళ్లకు ఉదాహరణ మీ అందరి జేబులో ఉంది. వాట్సాప్‌లో సందేశం పంపగానే అది వెంటనే మీ తెర మీదకు వస్తుంది, కానీ పక్కన చిన్న గడియారం గుర్తు ఉంటుంది. సర్వర్‌కు చేరాక ఒక టిక్కు, అవతలి ఫోన్‌కు చేరాక రెండు టిక్కులు. ఆ గడియారమే 11 వ నంబరు.

స్కాలర్‌షిప్ దరఖాస్తు పేజీలన్నిట్లో ఈ గడియారం ఉంటుందని ఆశ పెట్టుకోకండి. కొన్ని పేజీలు సర్వర్ జవాబు రాకముందే పచ్చరంగులో "విజయవంతం" అని చూపించేస్తాయి. సబ్మిట్ నొక్కాక దరఖాస్తు నంబరు రాసుకుని, పేజీ పూర్తిగా మూసి, మళ్లీ లాగిన్ అయి స్టేటస్ చూడండి. కొన్ని సైట్లు మనం నింపిన చిత్తుప్రతిని అదే బ్రౌజర్లో దాచి, మళ్లీ తెరిచినప్పుడు దాన్నే చూపిస్తాయి. కాబట్టి రెండోసారి చూసేది వీలైతే పక్కవాడి ఫోన్‌లో చూడండి. అక్కడ మీ చిత్తుప్రతి ఉండదు, సర్వర్ పంపింది మాత్రమే కనిపిస్తుంది. చూశాక లాగౌట్ చేయడం మరవకండి.